పనసగరువు డాక్టరు

వరహాలరావుతో కాపురం ఎంత కష్టమో సాయిదుర్గ పదమూడేళ్లుగా చెబుతూనే ఉంది, నమ్మేవాళ్లే దొరకలేదు. ఆయన తాగడు. పేకాడడు. చెయ్యెత్తడు. వీటిలో ఏ ఒక్కటున్నా సాలూరులో ఉన్న అమ్మకి ఫోన్ చేసి కాస్త ఏడవడానికి వీలుండేది. ఆయన జబ్బు వేరు. ఆయన నోటికి ‘లేదు’ అన్న మాట రాదు.

“సావుకారూ, గొడుగుందా?” అని ఎవరైనా కొట్టు ముందు నిలబడితే “ఉంది” అంటాడు. అని కదలడు. “ఏదీ?” అంటే “సాలూరులో ఉంది, ఎల్లుండొస్తది” అంటాడు. టార్చిలైటు ఉంది, బ్యాటరీలు రావాలి. బెల్లం ఉంది, శుక్రవారం దిగుతుంది. ఆయన దృష్టిలో ఈ భూమ్మీద ప్రతి వస్తువూ ఉంది. ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది అన్నదే కాస్త తేడా. కొట్టు గడప మీద ఆ పాడు మాట వినబడకూడదని వాళ్ల నాన్న నేర్పాడట. తిన్న కంచం తియ్యమనీ, తడి తువ్వాలు దండెం మీద వెయ్యమనీ కూడా ఆ పెద్దాయన నేర్పే ఉంటాడు. అవేవీ అంటలేదు. ఇదొక్కటీ మాత్రం ఎముకల్లోకి దిగిపోయింది.

వాళ్లుండే పనసగరువు పాచిపెంట పైన కొండల్లో అరవైనాలుగు గడపల ఊరు. ఘాటురోడ్డెక్కి, రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి రావాలి. సౌకర్యాలకి తక్కువేం కాదు. బస్సు షెల్టరుంది; బస్సు రాదు కాబట్టి వానాకాలం అందులో చోళ్లు, అంటే రాగులు, ఆరబోస్తారు. వీధి కొళాయిలు నాలుగున్నాయి. కొండమీది ఊటకి ఓపికున్న నెలల్లో వాటిలో నీళ్లూ వస్తాయి. సెల్ సిగ్నల్ ఉంది, కాకపోతే ఊరి చివర ఏనుగంత బండ ఎక్కి నిలబడాలి. ఆ బండ కిందే ఆడవాళ్లు కొండచీపుర్లు కట్టుకుంటూ కూర్చుంటారు కాబట్టి, ఎవరి సంసారంలో ఏం జరుగుతోందో ఊరందరికీ సమానంగా తెలుస్తుంది. ఒక గదీ, ఒక పంతులూ ఉన్న బడి ఉంది. ఈ చివర అమ్మతల్లి గుడి, ఆ చివర రేకుల చర్చి.

మిగిలిన సౌకర్యాలన్నీ వరహాలరావు కొట్టే. ఉప్పూ పప్పూ అమ్మడమే కాదు, ఊరి ఉత్తరాలు అక్కడే పడేస్తారు, ఫోన్లు అక్కడే చార్జింగ్ పెడతారు. బ్యాంకువాళ్లిచ్చిన వేలిముద్ర మిషను గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. జీపు కోసం వచ్చినవాళ్లు ముందున్న బల్ల మీద కూర్చుంటారు. తలనొప్పికీ జ్వరానికీ మాత్రలు ఒక పాత హార్లిక్సు సీసాలో ఉంటాయి, సలహాలు ఆయన దగ్గర ఉంటాయి.

ఇవి కాక నెలకోసారి, రెండో బుధవారం, మందుల బండి వచ్చేది. తెల్ల వ్యానులో ఒక డాక్టరు, కనక అనే నర్సు. వాళ్లు వచ్చిన రోజు బడికి సగం సెలవు. ముసలివాళ్లకి బీపీ చూసేవారు, పసిపిల్లల్ని తూచేవారు. అన్నిటికన్నా ముఖ్యంగా, సోనికి రక్తం చూసి నెలకి సరిపడా మాత్రలిచ్చేవారు.

సోనికి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే రక్తంలో జబ్బుంది. సికిల్ సెల్ అంటారు. కొండల్లో చాలా ఇళ్లలో ఉన్నదే. మాత్రలు వేళకి పడి, ఒళ్లు తడవకుండా, చలి తగలకుండా ఉంటే సోని అందరిలాగే బడికెళ్తుంది, తొక్కుడుబిళ్లలో అందర్నీ ఓడిస్తుంది. ఎక్కడైనా తేడా వచ్చిందా, మోకాళ్లనీ మోచేతుల్నీ లోపల్నించి ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి మొదలవుతుంది. తల్లీ తండ్రీ కాఫీ తోటల పనికి చింతపల్లి వైపు పోయారు. పెంచేది నాయనమ్మ ముత్యాలమ్మ.

ముత్యాలమ్మ సాయిదుర్గకి ఇంటి యజమానురాలు కూడా. ఏజెన్సీలో మైదానం నుంచి వచ్చిన కిందివాళ్లు స్థలం కొనడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి కొట్టూ, వెనక రెండు గదులూ ఆమెవి. కొత్త పెళ్లికూతురిగా వచ్చిన సాయిదుర్గ మొదటి చలికాలం దంతాలు టకటకలాడించుకుంటూ కూర్చుంటే, కుంపటి తెచ్చి మంచం కింద పెట్టిందీ, చోడి అంబలి తాగడం నేర్పిందీ ఆమే. అప్పటినుంచి సాయిదుర్గ ఆమెని ‘ముత్యాలప్పా’ అంటుంది. సొంత అక్క సాలూరులోనే ఉంది, ఆమెతో ఇంత చనువు లేదు.

పోయిన మే నెలలో గ్రామ సచివాలయంలో పనిచేసే కామేష్ ఒక కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. గ్రామ సౌకర్యాల సర్వే. ఇల్లిల్లూ తిరిగి, నలుగుర్నీ కూర్చోబెట్టి, అడిగి నింపాల్సినది. ఆకాశం కొండ మీదికి నల్లగా దిగుతోంది. కిందికెళ్లే జీపు హారన్ కొడుతోంది.

“వదినా, మీ చేతిరాత ముత్యాల్లా ఉంటది,” అన్నాడు కామేష్, ఒక కాలు జీపులో పెట్టి. “అన్నకి తెలీనిదేటుంది ఈ ఊళ్లో. నింపేసి, అన్న చేత సంతకం పెట్టించి, వచ్చే శుక్రవారం డ్రైవరు చేతికిచ్చేయండి.”

మూడేళ్లు చదివి తెచ్చుకున్న బి.ఏ. పట్టా ఈ కొండ మీద పింఛను కాగితాలు నింపడానికీ, కొట్టు ముందు ‘నేడు రొక్కం’ అని రాయడానికీ పనికొస్తోంది. ఇదీ దానిలో భాగమే అనుకుని సాయిదుర్గ పెన్ను తీసింది. వరహాలరావు చింతపండు తూస్తూ జవాబులు చెప్పాడు.

“మందుల షాపు ఉందా?”

“ఉంది. రాయి.”

“ఎక్కడండీ?”

“ఆ సీసాలోవి ఏటి మరి, శనగలా?”

“బ్యాంకు?”

“మిషనుంది కదా. ఉందని రాయి.”

“ప్రయాణికులకు విశ్రాంతి గది?”

ఆయన బల్ల వైపు చూశాడు. దాని మీద ఊరిపెద్ద మల్లేశు తలగుడ్డ మొహం మీద వేసుకుని గుర్రు పెడుతున్నాడు. “కళ్లెదురుగా కనబడతంటే అడుగుతావేటే? ఉంది.”

సాయిదుర్గకి నవ్వాగడం లేదు. ఇలాంటివి నలభై ఎనిమిది ప్రశ్నలు. ముప్పయ్యో దాని దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ వాచిన చెయ్యి చూపిస్తే, వరహాలరావు లేచి వెళ్లాడు. “వేడి చేసింది. మజ్జిగ తాగు, ఈ మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పులుపు ముట్టుకోకు,” అని చెబుతున్నాడు, తులసికోట దగ్గర పురాణం చెప్పేవాడి ధోరణిలో. ఇక్కడ కాగితం మీద ప్రశ్న ఉంది: ‘ఊరిలో నివాసం ఉండే వైద్యుడు ఉన్నారా? ఉంటే ఏ వేళల్లో?’

సాయిదుర్గ ఆ గొంతు విన్నది. కాగితం చూసింది. తన గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఉన్నారు. ఇరవై నాలుగు గంటలూ.’

కింద ఎవరో గుమస్తా చదువుతాడనీ, పక్కవాడికి చూపించి నవ్వుకుంటాడనీ, ఫోన్ చేసి “ఇదేంటమ్మా” అంటాడనీ అనుకుంది. ఆఫీసుల్లో నవ్వేవాళ్లు ఉంటారని ఆమెకి ఎవరు చెప్పారో. వరహాలరావు చదవకుండా సంతకం పెట్టి, కింద రెండు గీతలు గీశాడు. మరుసటి శుక్రవారం కాగితం జీపెక్కి వెళ్లింది.

జూలైలో రెండో బుధవారం ఊరంతా పొద్దున్నే కొట్టు ముందుకి వచ్చింది. ముత్యాలమ్మ సోనికి తలకి నూనె రాసి, రెండు జడలు గట్టిగా లాగి కట్టి తీసుకొచ్చింది. పదయింది. పన్నెండయింది. ముసలివాళ్లు బస్సు షెల్టరులో చోళ్లు పక్కకి నెట్టి పడుకున్నారు. మూడింటికి సాయిదుర్గ బండ ఎక్కి కనకకి ఫోన్ చేసింది.

“మీ ఊరు మా రూటులోంచి తీసేశారు దుర్గక్కా,” అంది కనక. “సొంత డాక్టరున్న ఊళ్లకి బండి అక్కర్లేదంట. డాక్టరు లేని ఊళ్లు చాలా ఉన్నాయి, వాళ్లకి ముందు. మీ ఊళ్లో రాత్రీ పగలూ ఉంటాడటగా. ఎవరక్కా ఆ మహానుభావుడు? నాకూ ఒకసారి చూపించు, దణ్ణం పెట్టుకుంటాను.”

కింద చీపుర్లు కడుతున్న ఆడవాళ్ల చేతులు ఆగాయి. సాయిదుర్గ ఫోన్ చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

“ఏటంతన్నాది నర్సమ్మ?” అని అడిగింది ముత్యాలమ్మ కింది నుంచి.

“లిస్టులో ఏదో తప్పు పడిందట,” అంది సాయిదుర్గ. అబద్ధమైతే కాదు.

మల్లేశు రెండు రోజుల తర్వాత కిందికెళ్లి, ఆఫీసులో కాగితం చూసి వచ్చాడు. నేరుగా కొట్టుకొచ్చి, బల్ల మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. “ఊళ్లో డాక్టరున్నాడని రాసుంది. కింద నీ సంతకముంది సావుకారూ. రెండు గీతల్తో.”

అరుగు మీదున్న నలుగురూ వరహాలరావు వైపు తిరిగారు. వెనకగది గుమ్మంలో నిలబడ్డ సాయిదుర్గ, ఆయన ఇప్పుడు తనవైపు చూసి ‘నేను చెప్పలేదే’ అంటాడని ఎదురుచూసింది. అప్పుడు ఏదో ఒకటి అనచ్చు. ఆయన చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

“నేనే అనుంటాను,” అన్నాడు. “మందుల షాపుందన్నాను, బ్యాంకుందన్నాను. ఆ ఊపులో ఇదీ అనేసుంటాను. నా నోటి సంగతి నీకు తెల్దా ఏటే దుర్గా?”

ఆయన నిజంగానే నమ్మేశాడు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, గుర్తు రాక, తన స్వభావం మీద ఉన్న నమ్మకంతో ఒప్పేసుకున్నాడు. పదమూడేళ్లుగా ఆ నోటిని ఎగతాళి చేస్తూ ఆ నమ్మకాన్ని పెంచింది తనే. అప్పుడు సాయిదుర్గ చెప్పాల్సినది ఒక్క వాక్యం.

“అన్నం చల్లారిపోతోంది, రండి,” అంది.

ఈ ఊళ్లో కోపం వచ్చినవాళ్లు అరవరు. రావడం మానేస్తారు. వారం తిరిగేసరికి బల్ల ఖాళీ అయింది. ఉప్పు కూడా శుక్రవారం సంత నుంచి జీపులో మోసుకొచ్చుకుంటున్నారు. వచ్చిన ఒకరిద్దరూ ఊరికే పోయేవారు కాదు. “ఏటి డాక్టరుగారూ, నడుం పట్టేసింది, సూదేత్తారా?” అని ఒకాయన. “డాక్టరుగారికి తీరుబడి లేదేమో, ఇరవైనాలుగు గంటలూ డూటీ కదా,” అని ఆయన పెళ్లాం. వరహాలరావు తలొంచుకుని పప్పు కొలిచేవాడు. ఎదురుమాట అంటే ఎలా ఉంటుందో ఆయనకి ముందునుంచీ తెలీదు.

సోని మాత్రల సంగతి ఆయనే నెత్తిన వేసుకున్నాడు. ఆ మాత్రలు ఊరికే ఇవ్వరు. పిల్ల ఎదురుగా ఉండాలి, రక్తం చూడాలి. కింద ఆసుపత్రిలో ఈ జబ్బు చూసే డాక్టరు కూర్చునేది బుధవారం. జీపు నడిచేది శుక్రవారం. అందుకని జూలై ఆఖర్లో పిల్లని తన టీవీఎస్ బండి మీద ముందు కూర్చోబెట్టుకుని, వెనక ముత్యాలమ్మని ఎక్కించుకుని దిగాడు. ముత్యాలమ్మ దారి పొడుగునా ఆయనతో మాట్లాడలేదట. “మాట్లాడకపోతే ఏటిలే. పడిపోకుండా నా చొక్కా పట్టుకుంది,” అని సంబరంగా చెప్పాడు ఆ సాయంత్రం.

సాయిదుర్గ ఆ సంబరం చూడలేక ఏదో వంకతో పెరట్లోకి వెళ్లింది. చెప్పెయ్యచ్చు. ఎన్నిసార్లు అనుకుంది. గిన్నెలు తోముతూ, బియ్యంలో రాళ్లేరుతూ, ఆయన గుర్రు వింటూ మాటలు పేర్చుకుంది. తీరా ఎదురుపడితే నాలుక మడతపడేది. ముత్యాలప్ప ఇల్లు ఖాళీ చేయమంటుందన్న భయం ఒకటి. అంతకన్నా చెప్పుకోడానికి సిగ్గేసే కారణం ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో తెలివితక్కువ పోస్టు పదమూడేళ్లుగా ఆయనది. చదువుకున్నది తను, ఊరివాళ్లు కాగితాలు పట్టుకుని వచ్చేది తన దగ్గరికి. ఆ పోస్టులోంచి ఆయన్ని లేపి తను కూర్చోవడానికి మనసొప్పుకోలేదు.

ఆగస్టు నెల ప్రయాణం రోజు పొద్దెక్కాక పెద్ద వాన పట్టుకుంది. పొద్దున తేటగా ఉందని బయల్దేరారు. మధ్యాహ్నం రెండింటికి రావాల్సినవాళ్లు అయిదు దాటినా రాలేదు. సాయిదుర్గ గొడుగేసుకుని ఊరి చివరి దాకా మూడుసార్లు వెళ్లొచ్చింది. నాలుగోసారి వెళ్తుంటే మలుపులో కనబడ్డారు, బండి లేకుండా, నడుస్తూ. వరహాలరావు భుజం మీద బియ్యపు సంచుల ప్లాస్టిక్ చుట్టిన మూట. మూటలోంచి రెండు జడలు వేలాడుతున్నాయి.

“గెడ్డ పొంగిందే,” అన్నాడు ఆయన రొప్పుతూ. “మూడు గంటలు అవతలే ఉండిపోయాం. చెట్టు కింద నిలబెట్టినా తడిసిపోనాది. బండి అక్కడే వదిలేసి, నీళ్లు తగ్గాక ఎత్తుకుని దాటాను.”

ముత్యాలమ్మ ఇంట్లో పొయ్యి పక్కన పిల్లని పడుకోబెట్టారు. నొప్పి వస్తే సోని ఏడవదు. పెదాలు బిగించి గోడకేసి చూస్తుంది. ఆ గోడ మీద ఎక్కడో నొప్పి అయిపోయే చోటు రాసున్నట్టు. మోకాళ్లు రెండూ ముడిచి, చేతుల్ని వాటి మధ్య పెట్టుకుని, ఎవరైనా ముట్టుకోబోతే కళ్లతోనే వద్దంటోంది. ముత్యాలమ్మ గుడ్డ కాచి కాపడం పెడుతోంది. గుడ్డ తాకిన ప్రతిసారీ పిల్ల ఊపిరి చప్పుడయ్యేది.

“నీళ్లు తాగవే సోనీ, కొంచెం,” అంది సాయిదుర్గ గ్లాసు పట్టుకుని.

పిల్ల తల తిప్పి ఆమెని చూసింది. “సావుకారమ్మా, మా ఊళ్లో డాక్టరు ఎక్కడుంటాడు?” అని అడిగింది. నిజంగానే అడిగింది. ఊరంతా అంటున్నారు కదా ఉన్నాడని.

సాయిదుర్గ గ్లాసు కింద పెట్టింది. ముత్యాలమ్మ గుడ్డ పిండుతూ, సాయిదుర్గ వైపు చూడకుండానే అంది. “సావుకారు సెడ్డోడు కాడు. ఉన్నాడని కాగితంలో రాయించినాదీ ఆ నోరే. ఈ పిల్లగుంటని గెడ్డ దాటించినాదీ ఆ బుజాలే. ఏటనీసి తిట్టమంతావు నన్ను? తిట్టడానికీ నేదు, ఊరుకోడానికీ నేదు.”

ఇప్పుడు చెప్పాలి అనుకుంది సాయిదుర్గ. నోరు తెరిచింది.

“ఇంకాసిని నీళ్లు కాచి తెస్తాను అప్పా,” అంది.

నొప్పి తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు సోని గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తొక్కుడుబిళ్ల ఆడుతున్న పిల్లల్ని చూస్తూ కూర్చుంది. ఆ రోజునుంచి సాయిదుర్గకి భర్త మీద హాస్యాలు ఆడబుద్ధి కాలేదు. ఆయన తడి తువ్వాలు మంచం మీద వేస్తే తీసి దండెం మీద వేసింది. రెండు రోజులు చూసి ఆయన, “ఒంట్లో బాగోలేదా ఏటి?” అని అడిగాడు.

మల్లేశు ఊరుకోలేదు. కిందికి నాలుగుసార్లు తిరిగి, అర్జీ మీద వేలిముద్రలు వేయించి, ఆఖరికి సెప్టెంబరు మూడో వారంలో గ్రామసభ పెట్టించాడు. పై నుంచి ఆఫీసరు మేడం వస్తుందన్నారు. ఆమెకంటే గంట ముందు కామేష్ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. కొట్టులోకొచ్చి, తలుపు ఓరగా వేశాడు.

“అన్నా, ఒక్క మాట అనేయండి చాలు. డాక్టరు ఉండేవాడు, వెళ్లిపోయాడని. అప్పుడు మీరు రాసింది తప్పు కాదు, నేను తెచ్చింది తప్పు కాదు. ఏప్రిల్లో కొత్త జాబితా వేస్తారు, అందులో మీ ఊరికి మళ్లీ బండి వచ్చేస్తది.”

“ఏప్రిల్ దాకానా?” అంది సాయిదుర్గ.

“ఏడు నెలలు, ఎంతలో తిరిగిపోతాయి వదినా.”

“ఉన్నమాట చెబితే?”

కామేష్ గోళ్లు చూసుకున్నాడు. “డాక్టరు ఎప్పుడూ లేడు, రాసింది తప్పుడు మాట అని ఒప్పుకుంటే ఇవాళే ఆ గడి కొట్టేస్తారు. వచ్చే నెలనుంచే బండి. కాని ఎందుకు రాశారని అడుగుతారు. సంతకం ఈ అన్నది కదా. తప్పుడు సమాచారం ఇచ్చారని ఆ మిషను వెనక్కి పట్టుకుపోతారు. ఇల్లిల్లూ తిరగలేదని నాకు మెమో. నాకు ఇద్దరు పిల్లలు, అన్నా.”

వరహాలరావు మెత్తబడిపోయాడు. అసలు గట్టిగా ఉన్నదెప్పుడు గనక. “నోరు జారింది నేను, ఇతనేం చేశాడు పాపం,” అన్నాడు భార్యతో. “ఏడు నెలలేనంటే. గుంటని నేను దింపుతాను, నేను తెస్తాను.”

“మధ్యలో చలికాలముందండీ.”

“రెండు దుప్పట్లు కప్పుతాను.”

డిసెంబరులో ఈ కొండ మీద తెల్లారేసరికి బకెట్లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసే అన్నాడు.

సభ బడి వరండాలో. మేడం కుర్చీలో కూర్చుంది, మగవాళ్లు మెట్ల మీద, ఆడవాళ్లు గోడవారగా. ముత్యాలమ్మ సోనిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల, కాళ్లు నేలకి ఆనుతున్నాయి. మేడం మొహంలో కోపం లేదు, సరదా కూడా లేదు. కాగితం ముందు పెట్టుకుని సూటిగా అడిగింది.

“ఇది మీ ఊరివాళ్లు రాసిచ్చిందే. డాక్టరు ఉన్నారని ఉంది. ఉండి వెళ్లిపోయారా, లేక మొదట్నుంచీ లేరా? వెళ్లిపోయారంటే నేను రాసుకుని పంపిస్తాను, వచ్చే ఏడాది జాబితాలో చూస్తారు. మొదట్నుంచీ లేరంటే, ఇది ఎందుకు రాశారో చెప్పాలి. వరహాలరావు ఎవరు?”

ఆయన లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు పొద్దున్నే. కామేష్ నేల చూస్తున్నాడు.

“ఉండీవారండి,” అన్నాడు వరహాలరావు. “తర్వాత... వెళ్లిపోయారండి.”

“పేరు?”

“పేరు ఉందండి.”

“ఏం పేరు?”

ఆయన కామేష్ వైపు చూశాడు. మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గు కింద దాచారు. ముత్యాలమ్మ మాత్రం నవ్వలేదు. “ఏ డాక్టరు సావుకారూ?” అంది నిదానంగా. “నాను పుట్టినాది ఈ ఊళ్లోనే. నానెరగని డాక్టరు ఎప్పుడొచ్చినాడు, ఎప్పుడెల్లిపోనాడు? నా గుంట మొకం సూసి సెప్పు.”

వరహాలరావు పిల్ల మొహం చూశాడు. తల దించుకున్నాడు. మేడం పెన్ను తీసి, కాగితం మీద ‘వెళ్లిపోయారు’ అని రాయడానికి వంగింది.

“రాయకండి మేడం.”

ఎవరన్నారా అని అందరూ వెనక్కి చూస్తే గోడ దగ్గర సాయిదుర్గ నిలబడి ఉంది. తను ఎప్పుడు లేచిందో ఆమెకీ తెలీదు.

“మీరు?”

“ఆయన భార్యనండి. ఆ చేతిరాత నాది.”

“దుర్గా, కూర్చో,” అన్నాడు వరహాలరావు. “మేడం, ఆమె నేను చెప్పిందే రాసిందండి. నేనే అనుంటాను...”

“మీరు అనలేదు,” అంది సాయిదుర్గ. “ఆ ప్రశ్న వచ్చినప్పుడు మీరు నా దగ్గర లేరు. ఒకావిడకి చెయ్యి వాస్తే చూడ్డానికి లేచివెళ్లారు. ఊరుకోండి ఇంక.”

మేడం పెన్ను పక్కన పెట్టింది. “ఎవరు చెబితే రాశారు?”

“ఎవరూ చెప్పలేదండి.”

“డాక్టరు ఉన్నారనుకున్నారా?”

“లేరని తెలుసండి.”

“మరి ఎందుకు?”

దీనికి సాయిదుర్గ దగ్గర మంచి జవాబులు చాలా ఉన్నాయి. గిన్నెలు తోముతూ, బియ్యమేరుతూ రెండు నెలలు పేర్చినవి. ప్రశ్న సరిగా అర్థం కాలేదనచ్చు. నెలనెలా బండిలో వచ్చే డాక్టరుని లెక్కేశాననచ్చు. చీకటి పడుతోంది, గడి తప్పాననచ్చు. బి.ఏ. చదివినవాళ్లకి ఇలాంటివి తోచకపోవు. మగవాళ్లు ఎదురుచూస్తున్నారు. కామేష్ ఆమె వైపు ఆశగా చూస్తున్నాడు. సోని నాయనమ్మ ఒళ్లో కూర్చుని, మోకాలు ఒక చేత్తో పట్టుకుని, ఆమెనే చూస్తోంది.

“నవ్వుకోడానికండి,” అంది.

మేడం తలెత్తి ఆమెని చూసింది.

“మా ఆయన అందరికీ మందులు చెబుతాడని, ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి రాశాను. ఎవరో చదివి నవ్వుతారనుకున్నాను. ఇక్కడ ఎప్పుడూ డాక్టరు లేడండి. ఆయనకి ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. కామేష్ కాగితం మా దగ్గర వదిలి వెళ్లాడు, అది నిజమే, కాని ఆ మాట నాది.”

వరహాలరావు ఆమెని చూస్తున్నాడు. ఆయన మొహంలో కోపం ఉంటే బాగుండుననిపించింది సాయిదుర్గకి. ఏదో చాలా బరువైన మూట దింపుకున్నవాడిలా, అది ఇన్నాళ్లూ తనది కాదని ఇప్పుడే తెలిసినవాడిలా నిలబడ్డాడు.

మేడం డాక్టరు ఉన్నారన్న గడి మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఏదో రాసి, “ఇక్కడ సంతకం పెట్టండి,” అంది. సాయిదుర్గ వెళ్లి సంతకం పెట్టింది. పెట్టి వెనక్కి తన చోటికి పోలేదు. ముత్యాలమ్మ ముందుకెళ్లి, నేల మీద కూర్చుంది, ఎదురెదురుగా.

ముత్యాలమ్మ పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“బండి రాకపోవడం నా వల్లే అప్పా. పిల్ల వానలో తడిసినా నా వల్లే,” అంది సాయిదుర్గ. ఊరంతా వింటోందని తెలిసి, గొంతు తగ్గించకుండా అంది. “కనక ఫోన్లో చెప్పిన రోజే నాకు తెలుసు. తెలిసీ ఆయన మీదికి పోనిచ్చాను. మీ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని కూడా చెప్పలేదు. తప్పు నాది.”